కొన్న పుస్తకం, అద్దె పుస్తకం
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన సంఘం కార్యదర్శి గారు నెల రోజుల కిందట ఫోన్ చేసి, "నువ్వు అమెరికాలో లైబ్రరీలో పనిచేస్తావు కదమ్మా, ఈ-లైబ్రరీల గురించి ఓ ఇరవై నిమిషాలు మాట్లాడు" అన్నారు. సరేనన్నాను. అసలు సంగతి ఆ తరువాత చెప్పారు. స్వర్ణోత్సవ నిధిలో కొంత డబ్బు తీసి బడికి ఈ-లైబ్రరీ పెట్టాలని కొందరి ఆలోచన. ఒక కంపెనీ వాళ్ళు కొటేషన్ కూడా ఇచ్చారు. ఇరవై ట్యాబులు, లక్ష పుస్తకాలు, ఏటా చందా. రేపు పొద్దున కార్యవర్గం కూర్చుని అవునో కాదో తేలుస్తుంది. అంటే నా మాటల వల్ల డబ్బు అటో ఇటో పోయే అవకాశం ఉందన్నమాట. అందుకని పొగడ్తలూ జ్ఞాపకాలూ తరువాతి వక్తలకు వదిలేసి, నాకు తెలిసిన పని గురించే మాట్లాడతాను.

నేను ఒక కౌంటీ ప్రజా గ్రంథాలయంలో పుస్తకాలు కొనే విభాగంలో ఉన్నాను. కౌంటీ అంటే మన జిల్లా అనుకోండి. ఇక్కడ మీరు కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్నుగా ఎలా చేరుతుందో, అక్కడ కూడా చాలాచోట్ల ఇంటిపన్ను డబ్బే లైబ్రరీని నడుపుతుంది. ఆ డబ్బులో ఏటేటా పెద్ద వాటా ఈ-పుస్తకాలకీ, ఆడియో పుస్తకాలకీ పోతోంది. దాంతో ఏం వస్తోందో, ఏం రావడం లేదో రోజూ చూసే మనిషిని.

ముందు అచ్చు పుస్తకం సంగతి చూద్దాం. లైబ్రరీ ఒక పుస్తకం కొంటే అది లైబ్రరీ సొత్తు. ఎవరికి ఇవ్వాలి, ఎన్నిసార్లు ఇవ్వాలి, చిరిగితే అట్ట వేయించాలా, పాతబడితే అమ్మేయాలా అన్నది మన ఇష్టం. ప్రచురణకర్తను అడగనక్కర్లేదు. ఒకసారి అమ్మిన ప్రతి మీద ఆయన పట్టు అక్కడితో తీరిపోతుంది. అమెరికా చట్టమూ అదే చెబుతుంది, మన కాపీరైట్ చట్టమూ అదే చెబుతుంది. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. ఆ పుస్తకాలు ఏ రేవులో దిగాలో, ఎవరి చేతికి వెళ్ళాలో ఆయన ఏ కంపెనీనీ అడగలేదు. గ్రంథాలయోద్యమం మొత్తం ఈ చిన్న హక్కు మీద నడిచింది. అది హక్కు అన్న స్పృహ కూడా ఎవరికీ ఉండేది కాదు, గాలి పీల్చినంత సహజంగా ఉండేది.

ఈ-పుస్తకం దగ్గరికొచ్చేసరికి ఈ లెక్క తప్పింది. అచ్చు పుస్తకం ఇస్తే నా చేతిలోది మీ చేతికొస్తుంది. ఫైలు పంపితే నా దగ్గరిది నా దగ్గరే ఉంటుంది, మీ దగ్గర ఇంకోటి పుడుతుంది. అంటే అది ఇవ్వడం కాదు, నకలు తీయడం. నకలు తీసే హక్కు రచయితది, ఆయన రాసిచ్చిన మేరకు ప్రచురణకర్తది. అందువల్ల లైబ్రరీ ఈ-పుస్తకాన్ని కొనలేదు, లైసెన్సు తీసుకుంటుంది. ఇల్లు కొనడానికీ అద్దెకు దిగడానికీ ఉన్నంత తేడా. మేకు కొట్టాలన్నా ఇంటాయన్ని అడగాలి.

పాఠకుడికి మాత్రం ఇదేమీ కనిపించదు. మీలో అమెరికాలో ఉన్నవాళ్ళు లిబ్బీ అనే యాప్ చూసి ఉంటారు. ఓవర్‌డ్రైవ్ అనే కంపెనీ 2017లో తెచ్చింది. లైబ్రరీ కార్డు నంబరు కొడితే మీ ఊరి గ్రంథాలయం ఫోనులోకి వస్తుంది. నచ్చిన పుస్తకం నొక్కితే రెండు మూడు వారాలు మీ ఫోనులో ఉంటుంది, గడువు తీరగానే తనంతట తనే వెళ్ళిపోతుంది. ఆలస్య రుసుము లేదు, బస్సెక్కి వెళ్ళి తిరిగి ఇచ్చే పని లేదు. పైగా ఉచితం. మావాళ్ళకు ఇంత సుఖమైన సౌకర్యం ఇంకోటి లేదు.

అయితే రోజుకు ఒకరైనా నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "ఏమండీ, ఇది ఫైలే కదా, దీనికి కూడా నలభై మంది వెనకాల నిలబడాలా?" నిలబడాల్సిందే. మేం ఒక పుస్తకానికి ఐదు లైసెన్సులు తీసుకుంటే ఒకేసారి ఐదుగురే చదవాలి. ఆరో మనిషి వరసలో ఉండాలి. కంప్యూటర్‌కు ఆ అవసరం లేదు, ఒప్పందంలో అలా రాసి ఉంది, అంతే. కాగితానికి ఉన్న ఇబ్బందిని కాగితం లేనిదానికి కావాలని తగిలించారు. ఇలా తగిలించకపోతే ఒక్క ప్రతితో కౌంటీ మొత్తం చదివేస్తుందనీ, ఇక పుస్తకం కొనేవాడు ఉండడనీ వాళ్ళ భయం. ఆ భయంలో అర్థం లేకపోలేదు. రచయిత కూడా తినాలి కదా.

భయం దగ్గర ఆగి ఉంటే బాగుండేది. ధర చూడండి. కొత్తగా వచ్చిన పేరున్న నవల ఈ-ప్రతి మామూలు పాఠకుడికి పదిహేను డాలర్లకు దొరుకుతుంది. లైబ్రరీకి అదే పుస్తకం యాభై ఐదు, అరవై డాలర్లు. అది కూడా పెద్ద ప్రచురణ సంస్థల్లో ఎక్కువ వాటి దగ్గర రెండేళ్ళకే. రెండేళ్ళయ్యాక పుస్తకం మా జాబితాలోంచి మాయమవుతుంది. కావాలంటే మళ్ళీ అరవై డాలర్లు. హార్పర్‌కాలిన్స్ వాళ్ళు 2011లో ఇంకో లెక్క తెచ్చారు. ఈ-పుస్తకం ఇరవై ఆరుసార్లు అరువిచ్చాక లైసెన్సు చెల్లిపోతుందన్నారు. రెండు వారాల చొప్పున ఇరవై ఆరంటే ఒక ఏడాది. అచ్చు పుస్తకం కూడా అన్ని చేతులు మారేసరికి నలిగిపోతుంది కదా అని సమర్థించుకున్నారు. దానికి ఓక్లహోమాలో లైబ్రేరియన్లు తమ అరల్లో అదే సంస్థ పుస్తకాలు తీసి, అంతకంటే ఎక్కువసార్లు బయటికెళ్ళొచ్చినా చెక్కుచెదరకుండా ఉన్నవాటిని వీడియో తీసి చూపించారు. ఆ వీడియో చూసినప్పుడు మన బడి లైబ్రరీ గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఇక్కడ ఇరవై ఆరుసార్లు వెళ్ళిన పుస్తకం కొత్త పుస్తకం కింద లెక్క. అట్ట ఊడిన తరువాతే దాని అసలు జీవితం మొదలయ్యేది.

2019లో మాక్‌మిలన్ సంస్థ ఇంకో అడుగు వేసింది. పుస్తకం విడుదలైన మొదటి ఎనిమిది వారాలు ఒక గ్రంథాలయ వ్యవస్థ ఎంత పెద్దదైనా సరే ఒక్క ఈ-ప్రతే ఇస్తామంది. పది లక్షల జనాభా ఉన్న నగరానికీ ఒకటే, పదివేల మంది ఉన్న ఊరికీ ఒకటే. లైబ్రరీలు చాలాచోట్ల వాళ్ళ ఈ-పుస్తకాలు కొనడం మానేశాయి. కరోనా వచ్చి లైబ్రరీలన్నీ మూతపడుతున్న 2020 మార్చిలో ఆ నిబంధన ఎత్తేశారు. మేరీలాండ్ రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసింది. ప్రజలకు అమ్మే ఈ-పుస్తకాన్ని లైబ్రరీలకు కూడా సమంజసమైన షరతులతో ఇవ్వాలని. మరుసటేడు కోర్టు కొట్టేసింది. కాపీరైట్ కేంద్ర చట్టం పరిధిలోది, రాష్ట్రం వేలు పెట్టకూడదని. అలా ఆ ముచ్చట ముగిసింది.

వరసలో నిలబడనక్కర్లేని పద్ధతి కూడా ఒకటి ఉంది. హూప్లా లాంటి సేవల్లో ఏ పుస్తకమైనా ఎవరైనా ఎప్పుడైనా తీసుకోవచ్చు, తీసుకున్న ప్రతిసారీ లైబ్రరీకి బిల్లు పడుతుంది. ఇది కొళాయి మీటరు లాంటిది. పాఠకులు ఎంత ఎక్కువ చదివితే మాకంత ఖర్చు. అందుకే నెలకు మనిషికి ఇన్ని అని పరిమితి పెడతాం. జనం చదువుతున్నారని సంతోషించాల్సిన లైబ్రేరియన్ చేత అమ్మో చదివేస్తున్నారే అనిపించే పద్ధతి ఇది. నాకు నచ్చదు.

సొంతం కానిదాని సంగతి ఎలా ఉంటుందో చెప్పడానికి అందరూ ఒక ఉదాహరణ చెబుతారు, నేనూ చెబుతాను. 2009 జులైలో అమెజాన్ వాళ్ళు డబ్బిచ్చి కొన్నవాళ్ళ కిండిల్ యంత్రాల్లోంచే కొన్ని పుస్తకాలు తీసేశారు. అమ్మిన సంస్థకు హక్కులు లేవని తెలిసిందట. డబ్బు వాపసిచ్చారు. తీసేసిన పుస్తకాల్లో జార్జి ఆర్వెల్ రాసిన '1984' ఉంది. ప్రభుత్వం తెరల్లోంచి చూస్తూ పాత రాతలు చెరిపేసే కథ. నేను పదో తరగతి పాసైన సంవత్సరం పేరున్న పుస్తకం కావడం వల్ల నాకు ఆ వార్త మరీ గుర్తుండిపోయింది.

ఇంత చెప్పానని నేను ఈ-పుస్తకాలకు వ్యతిరేకిని అనుకోకండి. మా లైబ్రరీకి నడిచి రాలేని ముసలివాళ్ళు, రాత్రి డ్యూటీ చేసే నర్సులు, అక్షరం పెద్దది చేసుకుంటే గానీ చదవలేనివాళ్ళు, వీళ్ళందరికీ లైబ్రరీ మళ్ళీ తెరుచుకున్నది దీనివల్లే. చూపు లేనివాళ్ళకైతే ఇది మరో లోకం. ఈ విషయంలో మన దేశం గర్వపడవచ్చు. అచ్చు చదవలేనివారి కోసం పుస్తకాలను వాళ్ళు చదవగలిగే రూపంలోకి మార్చుకోవచ్చని మన కాపీరైట్ చట్టంలో 2012లోనే సవరణ చేశారు. ఇదే విషయం మీద 2013లో మరాకేష్‌లో ఒప్పందం కుదిరితే, దాన్ని అందరికంటే ముందు, 2014లో, ఆమోదించిన దేశం మనది. 2016లో సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం మొదలైంది. మన బడిలో చూపు సమస్య ఉన్న పిల్లలు ఎవరైనా ఉంటే ఉపాధ్యాయులు ఆ పేరు రాసుకోండి. సభ్యత్వం పెట్టించడానికి నేను సాయం చేస్తాను.

ఇక తెలుగు సంగతికి వస్తాను. మా కౌంటీలో తెలుగు కుటుంబాలు వందల్లో ఉన్నాయి. తల్లిదండ్రులు వచ్చి, "పిల్లలకు తెలుగు ఈ-పుస్తకాలు ఉన్నాయా?" అని అడుగుతారు. మా జాబితాలో స్పానిష్, చైనీస్ దండిగా ఉన్నాయి. తెలుగు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. కొందామంటే కూడా దొరకవు. ఎందుకని కొంతకాలం ఆరా తీశాను. మన ప్రచురణకర్తల పుస్తకాలు ఆ కంపెనీల జాబితాల్లోకి ఎక్కవు. ఎక్కించాలంటే పుస్తకం ఈ-పబ్ రూపంలో ఉండాలి, యూనికోడ్ అక్షరాల్లో ఉండాలి. మన తెలుగు పుస్తకాలు దశాబ్దాలుగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చినవి. తెర మీద చూస్తే చక్కని తెలుగే. కానీ కంప్యూటర్ లోపల అది తెలుగు కాదు, తెలుగు వేషం వేసుకున్న ఇంగ్లీషు అక్షరాలు. ఆ ఫాంటు లేని ఫోనులో తెరిస్తే గజిబిజి. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి గానీ, మార్చాక ఒత్తులూ దీర్ఘాలూ ఎవరో ఒకరు కూర్చుని సరిదిద్దాలి. ఆ కూలి ఎవరిస్తారు? దానికి తోడు మన దగ్గర చాలామంది రచయితలు సొంత డబ్బుతో అచ్చు వేసుకుంటారు. వేరేవాళ్ళు వేసినా నోటిమాట మీద నడుస్తుంది. ఈ-పుస్తక హక్కు ఎవరిది అని అడిగితే చూపించడానికి కాగితం ఉండదు. కాగితం లేకపోతే మా లైబ్రరీ కొనలేదు.

కొత్త తెలుగు పుస్తకాల పరిస్థితి ఇలా ఉండగా, పాత తెలుగు పుస్తకాల విషయంలో విచిత్రంగా మనం శ్రీమంతులం. దానికి కారకుల్లో ఒకరు మనవారే. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడై, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి గారు. పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసి ప్రపంచం ముందు పెట్టాలని ఆయన మొదలుపెట్టిన పథకంలో భాగంగా మన దేశంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుట్టింది. బెంగళూరు ఐఐఎస్‌సీ దాన్ని నడిపింది, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ స్కానింగు కేంద్రాల్లో ముఖ్యమైనది. చెదలు తినడానికి సిద్ధంగా ఉన్న తెలుగు పుస్తకాలు వేలకు వేలు అలా బయటపడ్డాయి. తరువాత కాపీరైట్ చిక్కులతో ఆ వెబ్‌సైటు మూతపడింది. ఈలోపల ఆ స్కాన్లు అమెరికాలోని ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరడం వల్ల నిలిచాయి. ఈ రోజు మీరు ఫోనులో తెరిచే పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటి గుర్తింపు సంఖ్యలో డీఎల్ఐ అన్న మూడక్షరాలు ఇంకా కనిపిస్తాయి.

ఆ ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చింది. తమ దగ్గరున్న అచ్చు ప్రతిని స్కాన్ చేసి, ఒక ప్రతికి ఒక పాఠకుడు చొప్పున అరువిచ్చేవాళ్ళు. కరోనా సమయంలో ఆ పరిమితి తీసేశారు. నలుగురు పెద్ద ప్రచురణకర్తలు 2020లో కేసు వేశారు. 2023లో కింది కోర్టు, 2024 సెప్టెంబరులో పై కోర్టు ఆర్కైవ్‌కు వ్యతిరేకంగానే చెప్పాయి. ఐదు లక్షలకు పైగా పుస్తకాలు అరువు జాబితాలోంచి తీసేయాల్సి వచ్చింది. కాపీరైట్ తీరిపోయిన పాత పుస్తకాలకు దీనివల్ల ఏమీ కాలేదు. కానీ ఒక సంస్థ గూటిలో అన్ని గుడ్లూ పెట్టి నిశ్చింతగా ఉండకూడదని మాత్రం నాకు అర్థమైంది.

స్కాన్ల నాణ్యత గురించి కూడా చెప్పాలి. హడావుడిగా చేసిన పని కాబట్టి కొన్నింట్లో పేజీలు లేవు, కొన్నింట్లో పేజీ మీద స్కాన్ చేసినవాళ్ళ బొటనవేలు ఉంది. పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వాళ్ళు కొట్టారు. ఒకే పుస్తకం మూడు నాలుగు స్పెల్లింగులతో దొరుకుతుంది, లేదా అసలు దొరకదు. దొరకని పుస్తకం లేని పుస్తకమే, లైబ్రేరియన్ లెక్కలో. ఇవన్నీ బొమ్మలే తప్ప అక్షరాలు కావు. వాటిలో ఒక మాట వెతకలేం, చూపు లేనివారికి యంత్రం చదివి వినిపించలేదు. తెలుగు వికీసోర్స్‌లో కొందరు ఔత్సాహికులు ఈ బొమ్మల్ని అక్షరాలుగా మార్చి, పేజీ పేజీ సరిదిద్దుతున్నారు. జీతం లేదు, సన్మానం లేదు. మన రిటైరైన తెలుగు మాస్టార్లకు ఇంతకంటే తగిన పని నాకు కనిపించడం లేదు. మాస్టారూ, మిమ్మల్నే అంటున్నాను, నవ్వకండి.

ఖరగ్‌పూర్ ఐఐటీ నిర్వహించే నేషనల్ డిజిటల్ లైబ్రరీ గురించి ఉపాధ్యాయులకు తెలిసే ఉంటుంది. 2018లో జాతికి అంకితం చేశారు. అది ప్రధానంగా వెతుకులాట యంత్రం, పుస్తకం ఎక్కడుందో చూపించి అక్కడికి పంపిస్తుంది. పిల్లల కథలకు ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ ఉంది. తెలుగులో కూడా కథలున్నాయి, దించుకుని ముద్రించుకోవడానికి అనుమతి ముందే ఇచ్చేశారు. పాఠ్యపుస్తకాల సామగ్రికి దీక్షా ఉంది. పాత తెలుగు పత్రికలు కావాలంటే ప్రెస్ అకాడమీ స్కాన్ చేయించినవి ఉన్నాయి. వీటిలో దేనికీ పైసా కట్టక్కర్లేదు.

ఏది స్వేచ్ఛగా వాడుకోవచ్చు, ఏది కూడదు అన్నది కూడా తెలిసి ఉండటం మంచిది. మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన సంవత్సరం ముగిశాక అరవై ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, కందుకూరి 1919లో, అడివి బాపిరాజు 1952లో. వారి రచనలు ఇప్పుడు అందరివీ. చలం 1979లో పోయారు కాబట్టి 2039 చివరిదాకా, శ్రీశ్రీ 1983లో పోయారు కాబట్టి 2043 చివరిదాకా హక్కులు వారసులవి. మన బ్యాచ్‌ల వాట్సాప్ గ్రూపుల్లో "వంద తెలుగు నవలలు, అందరికీ పంపండి" అని వచ్చే పీడీఎఫ్‌ల కట్టలు లైబ్రరీ కావు. నిన్నగాక మొన్న అచ్చయిన పుస్తకాన్ని కూడా అలా పంచేస్తే, అప్పు చేసి అచ్చేసుకున్న రచయిత ఇంకో పుస్తకం వెయ్యడు. పెద్ద కంపెనీల షరతుల మీద నాకున్న కోపం వేరు, ఇది వేరు.

ఇప్పుడు కొటేషన్ దగ్గరికి వస్తాను. కార్యదర్శి గారు పంపితే మొత్తం చదివాను. లక్ష పుస్తకాల్లో తెలుగువి ఎన్నో విడిగా రాయలేదు. నమూనాగా ఇచ్చిన తెలుగు జాబితాలో నేను చూసినవి దాదాపు అన్నీ కాపీరైట్ తీరినవే, ఆర్కైవ్‌లో ఊరికే దొరికేవే. ఇంగ్లీషు జాబితాలో కూడా సగానికి పైగా అంతే. చందా ఆపేస్తే మర్నాటి నుంచి ట్యాబుల్లో ఏమీ ఉండదు. ఇంటర్నెట్ లేకపోతే తెరుచుకుంటుందో లేదో రాయలేదు. మన ఊళ్ళో కరెంటు, నెట్టు ఎలా వచ్చిపోతుంటాయో నాకంటే మీకే బాగా తెలుసు. ఏ పిల్లవాడు ఏం చదివాడు అన్న సమాచారం ఎవరి దగ్గర ఉంటుందో కూడా లేదు. మా దేశంలో చాలా రాష్ట్రాల్లో లైబ్రరీ పాఠకుల వివరాలు బయటపెట్టకూడదని చట్టాలున్నాయి. ఇక్కడ పదేళ్ళ పిల్లల సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. రేపు కంపెనీ ప్రతినిధి వస్తారట. ఈ ప్రశ్నలు ఆయన్ని అడగండి. జవాబులు కాగితం మీద ఇమ్మనండి.

నన్నడిగితే చందా వద్దంటాను. ట్యాబులు కొనండి, ఇరవై కాకపోతే పది. వాటిలో కివిక్స్ అనే ఉచిత సాధనం వేస్తే తెలుగు వికీపీడియా మొత్తం నెట్టు లేకుండానే చదువుకోవచ్చు. పైన చెప్పిన ఉచిత పుస్తకాల్లో మంచివి ఏరి, పేర్లు తెలుగులో సరిగ్గా రాసి, ఒక పెట్టెలో పెట్టి బడి వైఫైకి తగిలించవచ్చు. ఏరే పని నేను చేస్తాను, మాటిస్తున్నాను. మిగిలిన డబ్బుతో సాయంత్రం రెండు గంటలు లైబ్రరీ గది తెరిచి కూర్చునే ఒక మనిషికి గౌరవంగా జీతం ఇవ్వండి. నిన్న ఆ గది చూశాను. బీరువాకు తాళం ఉంది, తాళంచెవి ఆఫీసులో ఉంది, ఆఫీసులో ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. ట్యాబుల గతి కూడా అదే కావడానికి ఏడాది చాలు.

ఆ బీరువా తీయించేసరికి కింది అరలో నాకు వేరే సంగతి కనిపించింది. మన బడి లిఖిత పత్రికలు. పాత సంచికలు ఇరవై రెండు ఉన్నాయి. రూళ్ళ కాగితం మీద గుండ్రని చేతిరాతలు, రంగు పెన్సిళ్ళ బొమ్మలు, అంచుల్లో మాస్టారి ఎర్ర సిరా. కథలున్నాయి, తుఫాను మీద వ్యాసాలున్నాయి, మన కాలువకు పాత వంతెన ఎలా పోయిందో ఎనిమిదో తరగతి పిల్ల రాసిన పేజీ ఉంది. ఇవి ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. ఏ కంపెనీ లక్ష పుస్తకాల్లోనూ లేవు. రెండు సంచికలకు అప్పుడే చెద పట్టింది.

వీటిని స్కాన్ చేయడం నాలుగు రోజుల పని. మన దగ్గర అసలు ప్రతి ఉంది కాబట్టి భద్రపరచడానికి నకలు దాచుకోవడం వేరే విషయం. నలుగురికీ చదవడానికి పెట్టాలంటే మాత్రం రాసినవాళ్ళ ఒప్పుదల కావాలి. తొమ్మిదో తరగతిలో మీరు రాసిన కథ మీద కాపీరైట్ మీదే, బడిది కాదు. రాసినవాళ్ళలో చాలామంది ఈ పందిట్లోనే ఉన్నారు. పోయినవాళ్ళ పిల్లలు కొందరు వచ్చారు. అందుకని సగం పేజీ ఒప్పుదల పత్రం తయారుచేసి తెచ్చాను. మీ పేరు, బ్యాచ్, "నా రచనను బడి గ్రంథాలయం డిజిటల్ రూపంలో ఉంచి ఎవరికైనా ఉచితంగా చదవడానికి ఇవ్వవచ్చు" అన్న ఒక్క వాక్యం, కింద సంతకం. ఇష్టం లేనివాళ్ళు అలాగే రాయవచ్చు, వారి పేజీ బయట పెట్టం.

పత్రాలు భోజనాల వరస పక్కన బల్ల మీద ఉన్నాయి, పత్రికలు కూడా అక్కడే పరిచాం. ముందు చేతులు కడుక్కుని తాకండి. సంతకం మాత్రం భోజనానికి ముందే పెట్టండి, తరువాత చాలామంది బస్సులకు వెళ్ళిపోతారని కార్యదర్శి గారు భయపడుతున్నారు. సెలవు.